నకలుకు పూచీ ఎవరిది?
చేతిరాత నుంచి సెల్‌ఫోను స్కాను వరకు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించి, రాజ్యాల గురించి రాసేటంతటి చదువు నాకు లేదు. 1972లో ఎల్.డి. గుమాస్తాగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాకు బాగా తెలిసినది కాగితం ఒక్కటే. అందులోనూ సర్వీసులో సగం కాలం నకళ్లు తీయడంలో, తీయించడంలో, సరిచూడడంలో గడిచింది. కనుక నకలు చరిత్రే రాస్తున్నాను.

దీనికి మరొక కారణం కూడా ఉంది. మన సంఘ సమావేశాల్లో ఈ మధ్య ప్రతిసారీ ఎవరో ఒకరు రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోనుతో ఫొటో తీసి పంపిన కాగితం చెల్లుతుందా? ఫ్యాక్స్ చేయమంటున్నారు, ఇంట్లో మిషను లేదు, ఫోనుతో చేయవచ్చునా? రెండో ప్రశ్నకు జవాబు సులభం. మొదటి దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే కాగితం పోలికను దూరానికి చేర్చడం ఒక పని, వచ్చినది అసలుకు సరైన నకలే అని పూచీ పడడం వేరొక పని. మొదటి పనిని రెండు శతాబ్దాలుగా యంత్రాలు ఒకదాన్ని మించి ఒకటి చేస్తూ వచ్చాయి. రెండో పని మాత్రం ఇప్పటికీ మనుషులదీ, చట్టానిదీనూ.

చేతిరాత కాలం

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నకలు అంటే చేత్తో రాసినది, లేదా టైపు కొట్టినది. ఒకరు అసలు చదువుతుంటే మరొకరు నకలు మీద వేలు పెట్టి సరిచూసేవారు. ఇద్దరూ పొట్టి సంతకాలు చేసిన తరువాత, పై అధికారి "నిజ నకలు" అని రాసి సంతకం చేసి ముద్ర వేసేవారు. రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో దస్తావేజులన్నీ ఇలాగే పెద్ద పెద్ద సంపుటాల్లోకి చేతిరాతతో ఎక్కేవి. పొలం కొన్నవారు తమ దస్తావేజు చేతికి రావడానికి రోజుల తరబడి తిరగడం మనలో చాలామందికి అనుభవమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో "కార్డ్" అనే కంప్యూటర్ పథకం వచ్చిన తరువాతనే ఆ చేతిరాత పోయి, దస్తావేజును స్కాన్ చేసి దాచే పద్ధతి మొదలైంది.

చేతిరాత శ్రమ తగ్గించాలనే ప్రయత్నం చాలా పాతది. ఆవిరి యంత్రంతో పేరు పొందిన జేమ్స్ వాట్ 1780లోనే ఉత్తరాలకు నకలు తీసే ప్రెస్సుకు పేటెంటు పొందాడు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం పెట్టి అదిమితే సిరా దాని మీదికి దిగేది. 1806లో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఇంగ్లండు దేశస్థుడు కార్బన్ కాగితానికి పేటెంటు తీసుకున్నాడు. టైపు మిషన్లు వచ్చాక ఆ కార్బన్ కాగితమే ప్రపంచంలోని కార్యాలయాలన్నింటినీ ఏలింది. మన రోజుల్లో ఒక ఒరిజినలు, నాలుగు కార్బన్లు పెట్టి కొడితే, ఆఖరి కాపీ చదవడానికి దీపం కావలసివచ్చేది. వంద కాపీలు కావాలంటే స్టెన్సిలు కోసి సైక్లోస్టైల్ చేసేవాళ్లం. తప్పులు దిద్దే ఎర్ర ద్రవం వాసన, చేతులకు అంటిన సిరా గుర్తున్నవారు ఈ సంచిక పాఠకుల్లో చాలామందే ఉంటారు.

జిరాక్స్ పుట్టుక

ఇప్పుడు మనం జిరాక్స్ అంటున్న విద్యకు మూలపురుషుడు చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికను. ఆయన ఒక కంపెనీలో పేటెంట్ల విభాగంలో పనిచేసేవాడు. పేటెంటు పత్రాలకు ఎప్పుడూ కాపీలు చాలేవి కావు. పైగా ఆయనకు కీళ్ల వాతం. చేత్తో రాసి రాసి విసిగి, రసాయనాలు, తడి లేకుండా నకలు తీసే మార్గం వెతికాడు. 1938 అక్టోబరు 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియా అనే పేటలో, గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది విద్యుత్తు పుట్టించి, అక్షరాలు రాసిన గాజు పలకను పైన పెట్టి వెలుగు పడనిచ్చి, సన్నటి పొడి చల్లాడు. ఆ రోజు తేదీ, ఊరి పేరూ ఆ పొడిలో తేలాయి. వాటిని మైనపు కాగితం మీదికి ఎక్కించాడు. అదే మొదటి జిరాక్స్ కాపీ. గ్రీకు భాషలో "జిరోస్" అంటే పొడి అని అర్థం. పేరు అందులోంచి వచ్చింది.

ఆ విద్య కార్యాలయాలకు చేరడానికి ఇంకా 21 సంవత్సరాలు పట్టింది. 1959లో వచ్చిన జిరాక్స్ 914 అనే యంత్రం మామూలు కాగితం మీద నిమిషానికి ఏడు కాపీలు తీసేది. మన జిల్లా కేంద్రాల్లో, కోర్టుల దగ్గర, తాలూకా కచేరీల దగ్గర జిరాక్స్ దుకాణాలు 1980ల నుంచి వెలిశాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జిరాక్స్ రాగానే రాతలో తప్పులు పోవడం అనే బెడద తీరింది. అయినా గెజిటెడ్ ఆఫీసరు గారి గుమ్మం దగ్గర క్యూ తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎందుకంటే మంచి నకలు తీయడం సులభమైన కొద్దీ, దొంగ నకలు తీయడమూ సులభమైంది. ఒక కాగితం మీది సంతకం కత్తిరించి మరొక కాగితం మీద పెట్టి జిరాక్స్ తీస్తే అతుకు కనిపించదు. 1872 నాటి మన సాక్ష్య చట్టంలోనే యంత్రం ద్వారా తీసిన నకళ్ల ప్రస్తావన ఉంది. అయితే అసలు ఉన్నంతవరకు అసలునే చూపాలనీ, నకలు రెండో రకం సాక్ష్యమనీ ఆ చట్టం చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. అసలుకూ నకలుకూ తేడా మాత్రం అందులోనూ ఉంది.

టెలిఫోను కంటే పెద్దది ఫ్యాక్స్

ఫ్యాక్స్ అనేది టెలిఫోను తరువాత వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి వయసులో అదే పెద్దది. గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది 1876లో. అంతకు 33 సంవత్సరాల ముందే, 1843లో, అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లండు గడియారాల పనివాడు, ఒక చోట ఉన్న అక్షరాల రూపును తంతి మీద మరొక చోటికి పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రెండు ఊళ్లలో రెండు లోలకాలు ఒకే లయలో ఊగాలి. ఇక్కడి ముల్లు అక్షరాన్ని తాకినప్పుడల్లా అక్కడి ముల్లు కాగితం మీద మరక వేయాలి. గడియారాల పనివాడికే తట్టవలసిన ఆలోచన అది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఫ్రెడరిక్ బేక్‌వెల్ లోలకాలకు బదులు తిరిగే స్తంభాలతో అటువంటి యంత్రాన్నే చూపాడు.

దాన్ని ప్రజలకు పనికివచ్చేటట్టు చేసినవాడు ఇటలీకి చెందిన జియోవాన్ని కాసెల్లీ అనే మతాచార్యుడు. ఆయన యంత్రంతో 1865లో పారిస్, లియాన్ నగరాల మధ్య సేవ మొదలైంది. దాన్ని ఎక్కువగా దేనికి వాడారో చూస్తే మనలాంటి గుమాస్తాలకు ముచ్చట వేస్తుంది. బ్యాంకు లావాదేవీల్లో సంతకాలు సరిచూసుకోవడానికట! మాట చేరవేయడానికి టెలిగ్రాం ఉన్నది. కాని ఆ మాట ఫలానావారే చెప్పారని టెలిగ్రాం చూపలేదు, సంతకం చూపగలదు. అంటే దూరానికి కాగితం పంపిన తొలి రోజుల్లోనే పూచీ అనే ప్రశ్న ముందుకు వచ్చిందన్న మాట.

మన కార్యాలయాల పద్ధతి కూడా ఇదే చెబుతుంది. అత్యవసరమైతే టెలిగ్రాం ఇచ్చేవాళ్లం. ఆ వెంటనే "పోస్టు కాపీ" అని దానినే సంతకంతో టపాలో పంపేవాళ్లం. టెలిగ్రాం చూసి పని మొదలుపెట్టవచ్చు, ఫైలులో నిలిచేది మాత్రం పోస్టు కాపీయే. మన దేశంలో ఆ టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది.

20వ శతాబ్దంలో ఫ్యాక్స్ ముందుగా పత్రికలకు ఉపయోగపడింది. 1935లో అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ తంతి మీద ఫొటోలు పంపే సేవ మొదలుపెట్టింది. 1966లో జిరాక్స్ కంపెనీ బల్ల మీద పెట్టుకుని మామూలు టెలిఫోనుకు కలిపే యంత్రాన్ని తెచ్చింది. ఒక పేజీకి సుమారు ఆరు నిమిషాలు పట్టేది. 1980లో అంతర్జాతీయంగా ఒక ప్రమాణం కుదిరాక పేజీ నిమిషం లోపునే పోసాగింది. కిటుకు ఏమిటంటే, యంత్రం పేజీని సన్నటి గీతలుగా, గీతకు 1,728 చుక్కలుగా విడదీస్తుంది. ప్రతి చుక్కనూ పంపకుండా, "ఇన్ని తెల్లవి, తరువాత ఇన్ని నల్లవి" అని లెక్క పంపుతుంది. కాగితంలో తెలుపే ఎక్కువ కనుక చాలా కాలం ఆదా. ఫ్యాక్స్ కలిసినప్పుడు వినిపించే కీచుమనే ధ్వని రెండు యంత్రాలు మాట్లాడుకునే భాషే.

మన తెలుగువారికి ఫ్యాక్స్ చేసిన ఒక మేలు గురించి ఎవరూ రాయగా చూడలేదు. నేను చూసిన టెలిగ్రాంలలో తెలుగు మాట పంపాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయవలసివచ్చేది. ఫ్యాక్స్‌కు అక్షరం అంటే బొమ్మే కదా. ఒత్తులు, గుణింతాలు, రాసినవారి దస్తూరీ అన్నీ ఉన్నవి ఉన్నట్టు పోయేవి. జపానులో ఫ్యాక్స్ అంతగా పాతుకుపోవడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇదే. వారి లిపిలో వేలాది అక్షరాలు, టైపు చేయడం కష్టం, చేత్తో రాసి పంపడం సుఖం. 2021లో జపాన్ ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఫ్యాక్స్ మానివేయించాలని చూస్తే, శాఖల నుంచే ఎన్నో అభ్యంతరాలు వచ్చాయి.

మన ఊళ్లలో 1990లలో ఎస్.టి.డి. బూతుల బోర్డుల మీద "జిరాక్స్, ఫ్యాక్స్" అని చేరింది. కార్యాలయాల్లోకీ వచ్చింది. దానితో ఒక తంటా ఉండేది. చాలా యంత్రాలు వేడికి నల్లబడే నున్నటి చుట్ట కాగితం మీద ముద్రించేవి. కొన్నేళ్లకు ఆ అక్షరాలు వెలిసిపోయేవి. అందుకని ఫ్యాక్స్ రాగానే జిరాక్స్ తీసి ఫైలులో పెట్టాలని అనుభవజ్ఞులు చెప్పేవారు. ఆ మాట అన్నిచోట్లా అందరూ వినలేదు.

మా సహోద్యోగి ఒకరు 2006లో సర్వీసులో ఉండగానే కాలం చేశారు. ఆయన మొదట మరొక జిల్లాలో, మరొక శాఖలో కొన్నేళ్లు పనిచేశారు. ఆ సర్వీసును ధ్రువపరుస్తూ 1997లో వచ్చిన ఫ్యాక్స్ ఆయన ఫైలులో ఉంది. గ్రాట్యుటీ లెక్క కట్టే వేళకు తీసి చూస్తే తెల్ల కాగితం మిగిలింది. రుజువు లేదు కనుక ఆ సంవత్సరాలు లెక్కలోకి రావని సంబంధిత కార్యాలయం రాసింది. ఆ సోదరి ఇద్దరు పిల్లలతో ఏడు నెలలు తిరిగింది. చివరకు ఆయన ఇనపపెట్టెలో, ఆ ఫ్యాక్స్ తరువాత టపాలో వచ్చిన పోస్టు కాపీ, ఆయన పేరిట పంపిన ప్రతి, సంతకంతో, ముద్రతో, డిస్పాచ్ నంబరుతో సహా దొరికింది. ఆ ఒక్క కాగితం ఆ కుటుంబాన్ని నిలబెట్టింది. ఇనపపెట్టెలో దాచిన ఆయన ముందుచూపుకు ఇప్పటికీ చేతులెత్తి నమస్కరిస్తాను.

ఫోనే స్కానరు, ఫోనే ఫ్యాక్స్

ఇక సెల్‌ఫోను కాలానికి వద్దాం. బొమ్మను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చిన తొలి స్కానరు 1957లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో తయారైంది. రసెల్ కిర్ష్ అనే శాస్త్రవేత్త తన మూడు నెలల కొడుకు ఫొటోను స్కాన్ చేశాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు, అంతే. 1969లో బెల్ ప్రయోగశాలలో బోయిల్, స్మిత్ అనే ఇద్దరు వెలుగును నేరుగా విద్యుత్తుగా పట్టే చిన్న పరికరాన్ని కనిపెట్టారు. దానికి 2009లో నోబెల్ బహుమతిలో వాటా లభించింది. ఆ తోవలోనే నడిచి నేడు గోరంత కెమెరా ప్రతి ఫోనులోనూ చేరింది.

ఫోనులోని స్కానింగ్ యాప్ మామూలు ఫొటో కంటే చేసేది మూడు పనులు. కాగితం నాలుగు మూలలను గుర్తుపడుతుంది. ఏటవాలుగా తీసినా చదునుగా, నలుచదరంగా సరిచేస్తుంది. నీడలు తీసివేసి కాగితాన్ని తెల్లగా, అక్షరాన్ని నల్లగా చేస్తుంది. తరువాత పేజీలన్నీ కుట్టి ఒకే పి.డి.ఎఫ్. ఫైలుగా ఇస్తుంది. పగటి వెలుతురులో, కాగితం కింద ముదురు రంగు గుడ్డ పరిచి, ఫోను నీడ పడకుండా తీస్తే దుకాణంలో తీయించినట్టే వస్తుంది.

ఫ్యాక్స్ సంగతి. ఫోను తనంతట తాను ఫ్యాక్స్ చేయదు. యాప్ మన స్కానును ఇంటర్నెట్ ద్వారా ఒక కంపెనీ కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ కంప్యూటర్ టెలిఫోను లైను మీద అవతలి ఫ్యాక్స్ యంత్రాన్ని పిలిచి, ఆ కీచు భాషలో పేజీ అప్పగిస్తుంది. అందిందో లేదో మనకు తిరుగు కబురు వస్తుంది. ఆ కబురును దాచుకోవాలి. మన దేశంలో ఈ అవసరం ఇప్పుడు బాగా తగ్గింది, చాలాచోట్ల ఈ-మెయిలే చాలు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే మిత్రులకు మాత్రం ఇది తప్పకుండా ఎదురవుతుంది. అక్కడి వైద్యశాలల్లో ఫ్యాక్స్ ఇంకా నడుస్తూనే ఉంది. 2019లో నేను మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, నా పాత పరీక్షల కాగితాలు ఫ్యాక్స్ చేయమన్నారు. మా అమ్మాయి వంటింటి బల్ల మీద పెట్టి ఫోనుతోనే పంపింది. పది నిమిషాల్లో అందినట్టు కబురు వచ్చింది.

పూచీ ఇప్పుడు ఎక్కడ ఉంది?

గెజిటెడ్ ఆఫీసరు గారి సంతకం స్థానంలోకి మన కళ్ల ముందే మూడు వచ్చాయి.

మొదటిది మన సంతకమే. 2013 నుంచి కేంద్ర ప్రభుత్వం అర్జీలతో జతపరిచే నకళ్లను దరఖాస్తుదారే ధ్రువీకరించుకునే పద్ధతిని ప్రోత్సహిస్తూ వచ్చింది. అసలును చివర్లో చూపాలి. నకలు మీద సంతకం చేశామంటే పూచీ మనదే.

రెండోది డిజిటల్ సంతకం. 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం దానికి గుర్తింపు ఇచ్చింది. 2011లో మొదలైన మీసేవ కేంద్రాల్లో తీసుకునే ధ్రువపత్రాలు ఈ సంతకంతోనే వస్తున్నాయి.

మూడోది డిజిలాకర్. 2015 జూలైలో మొదలైంది. ఇందులో రెండు అరలు ఉన్నాయి. ఆ తేడా తెలియక చాలామంది ఇబ్బంది పడుతున్నారు. జారీ చేసిన శాఖ నుంచే నేరుగా వచ్చే పత్రాలు ఒక అర. వాటికి 2017 నాటి నిబంధనతో అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది. మనం ఫోనుతో స్కాన్ చేసి ఎక్కించినవి రెండో అర. అవి మన సౌకర్యానికి దాచుకున్న నకళ్లు మాత్రమే. ఫోను తెర మీద రెండూ ఒకేలా కనిపించినా, ఒకదాని వెనుక ప్రభుత్వ శాఖ నిలబడి ఉంది, రెండోదాని వెనుక మనం మాత్రమే ఉన్నాం.

మన జీవిత ధ్రువపత్రం కూడా ఇదే తోవ పట్టింది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వేలిముద్రతో మొదలైంది. 2021 నవంబరులో ముఖం చూపి ఇచ్చే సదుపాయం వచ్చింది. అక్కడ ఫోను కాగితాన్ని కాక, మనిషినే చూసి పూచీ పుచ్చుకుంటోంది.

కనుక ఈ చరిత్ర చదివిన మిత్రులకు నా మనవి ఇది. ఫోనుతో స్కాన్ చేయండి, భయం వద్దు. పి.పి.ఓ., సర్వీసు ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం, ఇంటి దస్తావేజు అన్నీ స్కాన్ చేసి ఒకటికి రెండు చోట్ల దాచండి. కాని స్కాన్ అయిందని అసలును పారవేయకండి. పంపేముందు ఎవరికి, ఎందుకు పంపుతున్నారో నకలు మీద అడ్డంగా రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. అప్పుడు ఆ నకలును మరొక పనికి వాడడం కష్టం. ఆధార్ ఇవ్వవలసినచోట ఒప్పుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ప్రతినే ఇవ్వండి. ఏ యాప్ పడితే అది వేసుకోకండి. ఎంతోమంది వాడిన కాంస్కానర్ అనే స్కానింగ్ యాప్‌ను 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మరో 58 యాప్‌లతో పాటు నిషేధించింది. మన కాగితం బొమ్మ ఎవరి కంప్యూటర్‌లోకి పోతున్నదో తెలుసుకోవడం కూడా ఇప్పుడు జాగ్రత్తలో భాగమే.

ముఖ్యమైన మాట ఆఖరున. అసలు పత్రాలు ఏ బీరువాలో, ఏ సంచిలో ఉన్నాయో ఇంట్లో మీ జీవిత భాగస్వామికీ, పిల్లల్లో కనీసం ఒకరికీ ఈ వారంలోనే చూపించండి. జాబితా ఒకటి రాసి ఆ సంచిలోనే పెట్టండి. ఆ కాగితాల అవసరం వచ్చే రోజున, వాటిని వెతికేది మనం కాకపోవచ్చు.